గాయం లేని చెయ్యి

మా ఇంటి పెద్దకొడుకు కుడిచేతికి గాయం తగలకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు. మా తాత ముఠాదారు. ఈ కొండల్లో ఇరవై ముప్పై ఊళ్ళ శిస్తు వసూలు చేసి, తగవులు తీర్చిన మనిషి. ఆయన బతికినన్నాళ్ళూ ఒక్క వెదురు కూడా చీల్చలేదని మా నాన్న చెప్పేవాడు. నా చిన్నతనంలో మా నాన్న నన్ను కొడవలి ముట్టుకోనివ్వలేదు. తోటి పిల్లలు సీతాఫలాల కోసం ముళ్ళకంపల్లో దూరుతుంటే నేను గట్టు మీద నిలబడి చూసేవాణ్ణి.

కారణం విత్తనాల పండుగ. చైత్రంలో, వానలకు ముందు, ఊళ్ళో ప్రతి ఇంటినుంచీ ఒక గుప్పెడు చోళ్ళు, సామలు, కొండవడ్లు శంకుదేవుడి రాయి దగ్గరికి తెస్తారు. అన్నీ ఒకే చేటలో పోస్తారు. మా ఇంటి పెద్ద ఆ విత్తనాన్ని కుడిచేత్తో కలిపి, ఆకుడొప్పల్లో పోసి ఒక్కో ఇంటికీ పంచుతాడు. ఆ గింజలు నేలలో పడ్డాకే మిగతా విత్తనం పడాలి. రక్తం వచ్చిన చెయ్యి ఆ చేటలో పెట్టకూడదు. పెడితే చేనుకి పురుగు పడుతుందంటారు.

ముఠా పోయింది. నేను పుట్టేసరికే పోయింది. భూమి ఒక్కొక్క ముక్కే పోయింది. మా కచేరీ సావిడి ఇప్పుడు మైదానం నుంచి వచ్చిన ఒక వర్తకుడి మిరియాల గోదాం. నేను అటుగా వెళ్తే ఆయన కుర్చీలోంచి లేచేవాడు. ఈమధ్య సగం లేచి కూర్చుంటున్నాడు. నేను తల తిప్పకుండా నడిచి వెళ్తాను. మాకు మిగిలింది సిల్వరోక్ చెట్ల కింద చిన్న కాఫీ తోట, చైత్రంలో ఒక పూట ఆ చేట. మాకు పిల్లలు లేరు. నా తరవాత ఆ చేటలో ఎవరు చెయ్యి పెడతారన్న మాట ఊళ్ళో ఎవరూ నా ముందు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. మాత్రలతో కొంతకాలం గడిచింది. తరవాత ఇన్సులిన్ తప్పలేదు. తిండికి ముందూ, పడుకునే ముందూ వేలు గుచ్చి చూసుకోమని పాడేరు డాక్టరు చెప్పాడు. అరచేతిలో పట్టే మిషను, స్ట్రిప్పుల డబ్బా, సూది బిగించే పెన్నులాంటిది ఒకటి కొని తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని మొదటిసారి ఆ పెన్ను చేతిలోకి తీసుకున్నప్పుడే ఏ చెయ్యి అన్నది తేలిపోయింది. ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఎడమచెయ్యి చాచాను.

అప్పటినుంచీ అన్ని పోట్లూ ఎడమచేతికే. అయిదు వేళ్ళలో బొటనవేలు మందం, రక్తం త్వరగా రాదు. చిటికెనవేలు సన్నం, గుచ్చితే ఎముకకు తగిలినట్టుంటుంది. మిగిలిన మూడు వేళ్ళమీదే భారమంతా పడింది. మెత్తగా ఉంటుందని వేలికొన నడిమధ్యనే గుచ్చేవాణ్ణి. అదే సూదిని వారమంతా వాడేవాణ్ణి. గుచ్చేముందు స్పిరిట్టు దూదితో తుడిచేవాణ్ణి, గుచ్చాక రక్తం రాకపోతే వేలికొసని గోళ్ళతో నొక్కి పిండేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు. ఒకరి ముందు చెయ్యి చాచి ఇది ఎలా చెయ్యాలి అని అడగడం మా ఇంట్లో అలవాటు లేదు.

ఎండాకాలంలో బాగానే గడిచింది. చలికాలంలో కష్టమైంది. మా లోయలో చలికాలపు పొద్దున మంచు ఇంటి లోపలికే వస్తుంది. చేతులు కట్టెల్లా అయిపోతాయి. గుచ్చితే చుక్క రాదు. మళ్ళీ గుచ్చాలి, మళ్ళీ పిండాలి. కుంపటి మీద చేతులు కాచుకుంటే రక్తం వచ్చేది కానీ చర్మం ఎండి పగిలేది. కొన్నాళ్ళకి మూడు వేళ్ళ కొనలూ గట్టిపడి, నల్లటి చుక్కలతో నిండిపోయాయి. చుక్కల మధ్య సన్నటి చీలికలు. చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయేవాణ్ణి. గాజుగ్లాసులో టీ ఇస్తే ఎడమచేత్తో అందుకోలేకపోయేవాణ్ణి. నీళ్ళు తగిలితే మండేది. మా ఆవిడ చూసేది. టీ స్టీలు గ్లాసులో పోసి నా కుడిచేతివైపు పెట్టడం మొదలుపెట్టింది.

ఆ చలికాలమే కాఫీ పళ్ళు కోతకు వచ్చాయి. కూలీలతోపాటు నేనూ కోస్తాను. తోట నాది, ఎవరు నవ్వినా సరే. కాఫీ పండు బాగా ఎర్రబడితే వేళ్ళమధ్య నొక్కగానే గింజ బయటికి జారుతుంది. చుట్టూ జిగురు ఉంటుంది. ఆ జిగురు తియ్యగా ఉంటుంది. చిన్నపిల్లలు చప్పరిస్తారు. ఆ రోజు పండు సరిగ్గా మాగిందో లేదో చూడటానికి పొద్దుటినుంచీ పళ్ళు నొక్కి చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం అన్నానికి ముందు తోటలోనే బండమీద కూర్చుని మిషను తీశాను. పక్కన పారే గెడ్డలో నీళ్ళు మంచులా ఉన్నాయి. పగిలిన వేళ్ళు ఆ నీళ్ళలో పెట్టాలంటే భయం వేసింది. ఎడమచెయ్యి కప్పుకున్న దుప్పటికి తుడుచుకున్నాను. గుచ్చాను.

మిషను చూపించిన అంకె నేను ఎప్పుడూ చూడనంత పెద్దది. ముందురోజు చుట్టాలింట్లో తిన్నది ఏదో ఇప్పుడు బయటపడిందనుకున్నాను. ఇన్సులిన్ మామూలుకన్నా ఎక్కువ తీసుకున్నాను. అన్నం తక్కువ తిన్నాను. కాసేపటికి చెట్ల మధ్య వెలుగు అటూ ఇటూ ఊగడం మొదలైంది. చెమటలు పట్టాయి, ఆ చలిలో. నిలబడే ఉండాలనుకున్నాను. కూలీల ముందు కూర్చోకూడదనుకున్నాను. ఎప్పుడు పడ్డానో తెలియదు. తెలివి వచ్చేసరికి నోటినిండా చక్కెర, మా ఆవిడ ఒళ్ళో తల, చుట్టూ కూలీల కాళ్ళు. నా వేళ్ళకున్న కాఫీ జిగురు తీపినే మిషను నా రక్తంలో షుగరు కింద లెక్కవేసిందని, లేని షుగరుకి ఇన్సులిన్ తీసుకున్నానని తరవాత డాక్టరు చెప్పాడు.

మర్నాడు మా అప్ప వచ్చింది. మా అప్ప నా తోడబుట్టిన అక్క, పాడేరులో ఉంటుంది. ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైంది. నాకంటే ముందే ఆమెకు షుగరు వచ్చింది, నాకంటే ముందే సూదులు మొదలయ్యాయి. జీపు దిగి, గడప దాటకుండానే అడిగింది.

"సెయ్యి సూపించు."

కుడిచెయ్యి చాచాను.

"ఇది కాదు. దాసుకున్నావే, అది."

ఎడమచెయ్యి పట్టుకుని గుమ్మంలో వెలుగుకి తిప్పి చూసింది. బొటనవేలితో నా వేలికొన నొక్కింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"ఏట్రా ఇవి? ఏళ్ళా, జల్లెడా?"

"చలి."

"సలికి సిల్లులు పడతాయేటి? అన్నీ ఈ సేతికే గుచ్చుకున్నావా?"

"ఊఁ."

"కుడిసెయ్యి దొరా, ఎడంసెయ్యి పాలికాపా?"

మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నవ్వు ఆపుకోవడానికే వెళ్ళిందని తెలుస్తూనే ఉంది.

"నీకు తెలియంది కాదు కదా, అప్పా," అన్నాను. "చైత్రంలో చేట."

"తెలుసులే. ఆ సేట కాడికి నన్నెప్పుడూ రానిచ్చారు గనకనా? దూరంనుంచే సూసేను. బాగానే తెలుసు."

నేను ఆమె సంచి తీసుకుని లోపల పెట్టాను.

మా అప్ప ఆ రాత్రికి ఉండి, నాకు పద్ధతి నేర్పింది. గోరువెచ్చని నీళ్ళలో సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పూర్తిగా ఆరాలి. చెయ్యి కిందికి వేలాడదీసి కాసేపు ఊపితే రక్తం వేలికొసకి దిగుతుంది. గుచ్చేది వేలికొన మధ్య కాదు, పక్కన, గోటికి కొంచెం ఇవతల. మధ్యలో నరాలెక్కువ, పక్కన తక్కువ. పెన్నుమీద ఉన్న అంకె తగ్గిస్తే సూది లోతుకి దిగదు. సూది ఎప్పటికప్పుడు మార్చాలి, మొద్దుబారిన సూది చర్మాన్ని చింపుతుంది. కొసని పిండకుండా అరచేతి దగ్గర్నుంచి వేలి పొడుగునా మెల్లగా నిమరాలి. స్పిరిట్టు వద్దు. రాత్రి పడుకునేముందు కొబ్బరినూనె రాయాలి, పొద్దున్న కడుక్కోవాలి. ఈ రోజు ఒక వేలైతే రేపు ఇంకొకటి.

"రెండు సేతులకీ పదేళ్ళున్నాయి దేవుడిచ్చినవి," అంది చివర్లో. "అయిదేళ్ళతో బతుకుతానంటే నీ ఇష్టం."

తన చెయ్యి చూపించింది. నాకంటే ఎక్కువ కాలంగా గుచ్చుకుంటున్న వేళ్ళు. నునుపుగా, సుద్దముక్క పట్టుకునే రోజుల్లో ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి.

కుడిచెయ్యి తప్ప మిగతావన్నీ ఒప్పుకున్నాను. మా ఆవిడ రోజూ పొద్దున్నే చిన్న గిన్నెలో వేన్నీళ్ళు పెట్టి తెచ్చేది. వేళ్ళు నీళ్ళలో పెడితే మొదట మండేది, తరవాత హాయిగా ఉండేది. పక్కన గుచ్చితే నిజంగానే అంత నొప్పి లేదు. చీలికలు ఒకటి రెండు మూసుకున్నాయి. బొత్తాలు మళ్ళీ నేనే పెట్టుకున్నాను. చైత్రం వరకు ఇలా గడిచిపోతే చాలనుకున్నాను. ఈ ఏడు ఆ చేటలో చెయ్యి పెడితే చాలు, వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు చూసుకుందాం అనుకున్నాను.

గడవలేదు. మాఘమాసం చివర్లో ఎడమచేతి మధ్యవేలు వాచింది. మూసుకోని చీలిక ఒకటి లోపల్లోపలే చీము పట్టింది. మా ఆవిడ గోరుచుట్టు అనుకుని నిమ్మకాయ తొడిగింది. రెండు రోజులకి వాపు అరచేతిలోకి దిగింది. చెయ్యి కిందికి దించితే గుండె ఆ వేల్లోనే కొట్టుకున్నట్టుండేది. పాడేరు తీసుకువెళ్ళారు. డాక్టరు కోసి చీము తీసి, మణికట్టు దాకా కట్టు కట్టాడు.

"మానేదాకా ఈ చెయ్యి ముట్టుకోవద్దు. చీము పట్టినప్పుడు షుగరు ఊరికే ఉండదు, ఎక్కుతుంది. పరీక్ష మాత్రం ఇంకా ఎక్కువసార్లు చేసుకోవాలి. రెండో చెయ్యి ఉందిగా."

ఉంది అన్నాను.

జీపులో తిరిగి వస్తున్నంతసేపూ కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఒక్క గీత కూడా లేదు. ఈ వయసు వచ్చిన మగవాడి చెయ్యి అంత శుభ్రంగా ఉండటం ఈ కొండల్లో ఇంకెక్కడా చూడం. చేసిన పని లేదని అంటారు, అనుకోనీ. ఈ చెయ్యి ఒక్క పనికోసం ఉంచిన చెయ్యి.

ఇంటికి వచ్చాక పరీక్ష మానేశాను. రెండు రోజులు అంచనా మీద ఇన్సులిన్ తీసుకున్నాను. నోరు ఎండిపోయేది. ఎంత తాగినా దాహం తీరేది కాదు. ఎదురుగా ఉన్న కొండ రెండుగా కనబడేది. మూడోరోజు పొద్దున్న మా ఆవిడ వేన్నీళ్ళ గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, ఎదురుగా కింద కూర్చుంది.

"ఒక మాటడుగుతాను, కోప్పడకండి."

"అడుగు."

"మీకేదైనా అయిపోతే ఆ సేట ఎవరు కలుపుతారు?"

గిన్నెలో నీళ్ళవైపు చూశాను.

"ఎవరూ కలపరు గదా. మరప్పుడా సెయ్యి ఎవరికోసం దాసినట్టు?"

కోపం రావలసింది. రాలేదు. ఎడమచేతికి కట్టు ఉంది, పెన్ను పట్టుకోలేను. తనే గుచ్చాలి. కుడిచెయ్యి నీళ్ళలో ముంచి, తన కొంగుతో ఒక్కొక్క వేలూ తుడిచింది. చిటికెనవేలి పక్కన పెన్ను ఆనించి నా మొహంలోకి చూసింది. నేను గోడవైపు చూశాను. టక్కుమంది. రక్తం వెంటనే వచ్చింది, పిండనక్కరలేకుండా. అంకె చూసి ఆమె మిషనుని నావైపు తిప్పలేదు. జీపు పిలిపించడానికి లేచి వెళ్ళింది.

డాక్టరు మోతాదు మార్చాడు. నాలుగైదు రోజుల్లో కొండ మళ్ళీ ఒకటే అయింది. ఆ రోజుల్లో కుడిచేతి వేళ్ళన్నిటికీ ఒక వరస పోట్లు అయిపోయాయి.

పండుగకి వారం ముందు మా అప్ప ఫోన్ చేసింది. సంగతి మా ఆవిడ చెప్పినట్టుంది.

"ఏడుపు మొకం పెట్టకు. పక్కన గుచ్చిన సూది బెజ్జం రెండు రోజుల్లో కనపడదు. రెండు రోజుల ముందునించీ ఎడంసేతికి కట్టు లేని ఏలికి గుచ్చుకో. పండగనాడు గమ్మున ఎల్లి కలిపి వచ్చీ. ఎవుడికి తెలుస్తాది?"

"నాకు తెలుసు."

"నీకొక్కడికే గదా?"

"చెయ్యి నాదే కదా, అప్పా."

"నాన్న మాట్లాడినట్టే ఉన్నాది," అని పెట్టేసింది.

మర్నాడు దిసారి ఇంటికి వెళ్ళాను. దిసారి మా ఊళ్ళో ముహూర్తాలు పెట్టే పెద్దమనిషి, శంకుదేవుడికి కోడి కోసేదీ ఆయనే. వాకిట్లో కూర్చుని అడ్డాకులు కుడుతున్నాడు. నన్ను చూసి లేచాడు. పూర్తిగా లేచాడు.

"తవరు రావాలా దొరా? కబురెడితే నాను రానా?"

చెప్పవలసింది నిలబడే చెప్పాను. ఆయన నా కుడిచెయ్యి పట్టుకోకుండా, వంగి, అటునుంచీ ఇటునుంచీ చూశాడు.

"గాయమేదీ? కనపడదే."

"కనపడదు. ఉంది."

"కనపడందాన్ని గాయమంటారేటి దొరా?"

"రక్తం వచ్చింది. రోజూ వస్తుంది. ఇక ముందూ వస్తుంది."

ఆయన ఈనెపుల్ల చెవిమీద పెట్టుకుని ఆలోచించాడు. నాకు సాయం చెయ్యాలనే ఆయన ఆలోచిస్తున్నాడు. అది నాకు తెలుస్తూనే ఉంది.

"ఆసుపత్రోళ్ళు ఏసుకుంటారు గదా, తెల్ల తొడుగులు. అదొకటి ఏసుకుని కలిపీరాదా? శంకుదేవుడికి మొక్కుకుని నాను సెప్పుకుంటాను, ఇదీ సంగతని."

"తొడుగు వేసుకుని మా ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏమీ పెట్టలేదు."

"అదీ నిజమే," అన్నాడు. మళ్ళీ కూర్చుని ఆకు చేతిలోకి తీసుకున్నాడు. "మరైతే ఏటి సేద్దారి?"

"మీరే చూసుకోండి."

ఆయన కాదంటాడనుకున్నాను. అదెలా కుదురుతుంది దొరా అంటాడనీ, ఊరి పెద్దల్ని పిలుస్తాడనీ, రెండు మూడు రోజులు నా గుమ్మం చుట్టూ తిరుగుతారనీ అనుకున్నాను. వాళ్ళు తిరిగినా నేను ఒప్పుకోనని కూడా నిశ్చయించుకున్నాను.

"సరే దొరా, సూసుకుంటాం," అన్నాడు. ఆకుకు పుల్ల గుచ్చాడు.

పండుగనాడు వెళ్ళకుండా ఉందామనుకున్నాను. వెళ్ళకపోతే దాక్కున్నట్టుంటుంది. తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళాను. ఎప్పుడూ నిలబడే చోట కాకుండా వెనక, చింతచెట్టు దగ్గర నిలబడ్డాను. డప్పులు, కోడి, పసుపునీళ్ళు, అన్నీ ఎప్పటిలాగే జరిగాయి. ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గుప్పెడు విత్తనం చేటలో పోశారు. ఇప్పుడేం చేస్తారా అని చూశాను. దిసారి చేట ఎత్తి రెండు చేతులతో పట్టుకుని, బియ్యం చెరిగినట్టు నాలుగుసార్లు ఊపాడు. చోళ్ళు, సామలు, వడ్లు కలిసిపోయాయి. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఎవరికీ అవసరం పడలేదు. చిన్న గరిటె ఒకటి ఎక్కణ్ణుంచో వచ్చింది. గరిటెతో డొప్పల్లో పోస్తూ పోయారు. నేను కలిపినప్పుడు పట్టే సమయంలో సగం కూడా పట్టలేదు.

పక్కన నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"ఈ ఏడు బేగి అయిపోనాది."

"అవునే. ఎండెక్కకముందే ఎల్లిపోవచ్చు."

వాళ్ళు నన్ను చూడలేదు. నన్ను ఉద్దేశించి అన్నదీ కాదు. అలా ఉద్దేశించి అన్నా బాగుండేదనిపించింది.

మా ఇంటికి ఎప్పుడూ డొప్ప ఉండేది కాదు. అందరికీ పంచాక చేట అడుగున మిగిలింది మాది. ఈసారి దిసారి ఒక డొప్ప పట్టుకుని చింతచెట్టు దాకా వచ్చాడు.

"దొరా, మీ ఇంటి వంతు."

ఎడమచేతి కట్టు ఇంకా పూర్తిగా ఊడలేదు. కుడిచెయ్యి చాచి పట్టుకున్నాను. ఆయన డొప్ప వదిలేముందు నేను గట్టిగా పట్టుకున్నానో లేదో అని ఒక క్షణం ఆగాడు.

ఇంటికి తెచ్చి అరుగుమీద పెట్టాను. మా ఆవిడ చూసింది.

"ఎక్కడ సల్లుదాం?" అంది.

చోళ్ళు చల్లే నేల మాకు లేక ఎన్నో ఏళ్ళయింది. కాఫీ చెట్ల కింద చోళ్ళు పెరగవు. తనకూ తెలుసు, అలవాటుగా అడిగింది. డొప్ప తీసి, ఎలకలకు అందకుండా ఉట్టిలో పెట్టింది. తరవాత అన్నానికి వేళయిందని వేన్నీళ్ళ గిన్నె, మిషను తెచ్చి నా పక్కన కూర్చుంది. కుడిచెయ్యి కడిగి, తుడిచి, తన అరచేతిలో వెల్లకిలా పెట్టుకుంది. వేళ్ళన్నిటినీ ఒకసారి చూసింది.

"ఏ ఏలండి ఇయ్యాల?"

"ఏదైనా ఒకటే," అన్నాను.